ఎడారి చెట్టు ఒంటరిది కాదు

దుబాయిలోనో షార్జాలోనో పనిచేసి వచ్చిన మనవాళ్లను అడిగితే ఘాఫ్ చెట్టు గురించి చెబుతారు. జూన్, జులై నెలల్లో అక్కడి ఇసుక మీద చెప్పులు లేకుండా కాలు మోపలేం. నెలల తరబడి వాన చుక్క ఉండదు. ఆ ఇసుక దిబ్బల మధ్య ఘాఫ్ మాత్రం పచ్చగా నిలబడి ఒంటెలకు మేత, మనుషులకు నీడ ఇస్తుంటుంది. యూఏఈ ప్రభుత్వం 2008లో దానిని జాతీయ వృక్షంగా ప్రకటించింది. 2019ని ‘సహన సంవత్సరం’గా జరుపుకున్నప్పుడు గుర్తుగా ఎంచుకున్నదీ ఆ చెట్టునే.

ఈ చెట్టు మనకు పరాయిది కాదు. రాజస్థాన్‌లో దీన్నే ఖేజ్రీ అంటారు. మన తెలుగువారికి ఇది జమ్మి. దసరానాడు మన హిందూ సోదరులు పూజించి, దాని ఆకును బంగారమని ఒకరికొకరు పంచుకునే చెట్టు ఇదే. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా ఇదే. ఒకే చెట్టుకు మూడు చోట్ల మూడు పేర్లు.

ఇది ఎడారిలో ఎలా బతుకుతోంది? ‘వేర్లు లోతుకు పోతాయి కాబట్టి’ అన్నది మనకు తెలిసిన జవాబు. అది నిజమే. జమ్మికి దగ్గరి బంధువైన మెస్కీట్ చెట్టు వేర్లు అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వకంలో 53 మీటర్ల లోతున కనిపించాయి. కానీ ఈ జవాబుతో సగం సంగతే తేలుతుంది. చెట్టుకు నీరు ఒక్కటే చాలదు. నత్రజని కావాలి, భాస్వరం కావాలి. ఇసుకలో అవి చాలా తక్కువ. పైగా ఉప్పు ఉంటుంది, వేడి ఉంటుంది. మొలకెత్తి నాలుగు వారాలైన పిల్ల మొక్కకు లోతైన వేరు కూడా ఉండదు. దానిని ఎవరు ఆదుకుంటున్నారు?

మట్టిలో, వేరు చుట్టూ కాపురముండే సూక్ష్మజీవులు ఆదుకుంటున్నాయి. కంటికి కనిపించని ఈ బాక్టీరియా, శిలీంధ్రాల గురించి మన దాతలు తెలుసుకోవడం వల్ల ఒక ప్రయోజనం ఉంది. సదఖా జారియా అనే సంకల్పంతో మనం మస్జిద్ ఆవరణలో, ఈద్గాహ్ దగ్గర, ఖబరస్తాన్ గోడ వెంట మొక్కలు నాటడానికి డబ్బు ఇస్తుంటాం. అలా నాటిన మొక్కల్లో ఎన్నో రెండో వేసవి చూడకుండానే ఎండిపోతాయి. నీళ్లు పోయలేదనో, మేకలు తిన్నాయనో సరిపెట్టుకుంటాం. అవి కూడా కారణాలే. కానీ మొక్కను పెట్టిన మట్టిలో ప్రాణం ఉందా లేదా అని మాత్రం మనం అడగం.

వేరు చుట్టూ ఉన్న సన్నని లోకం

లోరెంజ్ హిల్ట్‌నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1904లో ఈ సంగతి వివరంగా చెప్పాడు. వేరును ఆనుకుని ఉన్న మట్టికీ, కాస్త దూరంలో ఉన్న మట్టికీ చాలా తేడా ఉంటుంది. ఆనుకుని ఉన్న మట్టిలో సూక్ష్మజీవులు కిక్కిరిసి ఉంటాయి. ఆ భాగానికి ఆయన ‘రైజోస్ఫియర్’ అని పేరు పెట్టాడు. మనం ‘వేరు పరిసరం’ అనుకుందాం. దాని మందం కొన్ని మిల్లీమీటర్లే.

అక్కడే అన్ని ఎందుకు చేరతాయి? మొక్క ఆకుల్లో ఎండ సాయంతో చక్కెరలు తయారవుతాయని పిల్లలకు ఆరో తరగతి నుంచే చెబుతాం. ఆ చక్కెరలన్నీ మొక్క తన ఒంటికే వాడుకోదు. కొంత భాగాన్ని వేర్ల ద్వారా మట్టిలోకి వదులుతుంది. చక్కెరలతో పాటు అమైనో ఆమ్లాలు, సేంద్రియ ఆమ్లాలు, జిగురు కూడా వదులుతుంది. చక్కెర డబ్బా మూత తీస్తే చీమలు చేరినట్టు సూక్ష్మజీవులు వాటి కోసం చేరతాయి.

మన పొలాల్లో రాలిన ఆకులు, పశువుల ఎరువు ఉంటాయి కాబట్టి సూక్ష్మజీవులకు వేరుకు దూరంగా కూడా ఎంతో కొంత తిండి దొరుకుతుంది. ఎడారిలో ఆ అవకాశం తక్కువ. వట్టి ఇసుకలో ఉన్నవి చాలావరకు నిద్రలో ఉంటాయి. బాసిల్లస్ జాతి బాక్టీరియా గట్టి పెంకులాంటి పొరను కప్పుకుని విత్తనంలా ఏళ్ల తరబడి ఓపిక పడతాయి. ఎడారిలో జీవం చురుగ్గా ఉండేది వేర్ల దగ్గరే. అందుకే అక్కడి ఒక్కో చెట్టును, ఒక్కో పొదను శాస్త్రవేత్తలు ‘సారవంతమైన దీవి’ అంటారు.

వచ్చినవాటినన్నింటినీ వేరు రానిస్తుందా అంటే అదీ కాదు. ట్యునీషియాలోని ఒయాసిస్సుల్లో ఖర్జూర చెట్ల వేర్లను పరిశీలించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. ఒయాసిస్సుకూ ఒయాసిస్సుకూ మట్టి వేరు, వాతావరణం వేరు. అయినా ఖర్జూరపు వేర్లలో ప్రధానంగా కనిపించిన బాక్టీరియా వర్గాలు మాత్రం దాదాపు ఒకటే. అంటే చెట్టు తన పొరుగును తానే ఎంచుకుంటోంది.

ఎండి చచ్చిన నేల వానతో తిరిగి బతకడం గురించి దివ్య ఖుర్‌ఆన్‌లో పలుచోట్ల ప్రస్తావన ఉంది. మట్టిని పరిశీలించేవారు దానిని ప్రయోగశాలలోనూ చూస్తున్నారు. ఎండిన మట్టిని తడిపితే గంటల్లోనే సూక్ష్మజీవులు లేచి శ్వాసించడం మొదలుపెడతాయి. తొలకరి పడగానే మనకు వచ్చే మట్టి వాసన కూడా వాటిదే. స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానికి ఆ వాసన ఉంటుంది. క్షయకు మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది కూడా ఈ జాతి నుంచే.

ఇసుక తొడుగు

కొన్ని ఎడారి గడ్డి మొక్కలను జాగ్రత్తగా పెకలిస్తే వేర్లు వేర్లలా కనిపించవు. ఇసుక అంటుకున్న తాళ్లలా ఉంటాయి. దులిపినా ఇసుక రాలదు. ఈజిప్టు ఎడారి మొక్కల గురించి రాసిన జర్మన్ వృక్ష శాస్త్రవేత్త ఫోల్కెన్స్ 1887లోనే ఈ ఇసుక తొడుగును వర్ణించాడు.

ఆ తొడుగును వేరు, బాక్టీరియా కలిసి కడతాయి. వేరు నుంచి సన్నని నూగు వచ్చి ఇసుక రేణువులను పట్టుకుంటుంది. వేరు వదిలిన జిగురు, దాని చుట్టూ ఉన్న బాక్టీరియా విడిచిన జిగురు కలిసి రేణువులను అతికిస్తాయి. ఆ జిగురు నీటిని పీల్చి పట్టి ఉంచుతుంది. ఇసుక బాగా ఎండినప్పుడు వేరు కుంచించుకుపోయి, చుట్టూ ఖాళీ ఏర్పడి, నీటితో సంబంధం తెగిపోయే ప్రమాదం ఉంది. తొడుగు ఉంటే ఆ ఖాళీ ఏర్పడదు. వేరు చుట్టూ కొద్దిపాటి తడి మిగులుతుంది. ఆ తడిలోనే బాక్టీరియా కూడా బతుకుతాయి. ఇల్లు ఒకటే, ఇద్దరికీ అదే నీడ.

గాలిలోని నత్రజని, మట్టిలోని భాస్వరం

మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనే. కానీ ఏ మొక్కా దానిని గాలి నుంచి నేరుగా తీసుకోలేదు. ఆ పని కొన్ని బాక్టీరియాకే చేతనవును. వాటిలో పేరున్నవి రైజోబియం. ఇవి పప్పుజాతి మొక్కల వేర్లలోకి చేరి చిన్న చిన్న బుడిపెలు కట్టుకుని, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తాయి. బదులుగా మొక్క వాటికి చక్కెర ఇస్తుంది.

ఈ బుడిపెలు చూడటానికి ఎడారికి వెళ్లనక్కరలేదు. అనంతపురంలో వేరుశనగ పండించే ఏ రైతును అడిగినా మొక్క పీకి చూపిస్తాడు. ఒక బుడిపెను గోరుతో చీల్చితే లోపల గులాబి రంగు కనిపించాలి. అలా ఉంటే అది పనిచేస్తున్నట్టు. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే పని చేయడం లేదన్నమాట. ఆ గులాబి రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు అది చుట్టం. నత్రజనిని మార్చే ఎంజైముకు ఆక్సిజన్ తగలకూడదు. బాక్టీరియా శ్వాసకేమో ఆక్సిజన్ కావాలి. ఆ రెంటినీ సర్దుబాటు చేసేది ఈ పదార్థమే.

జమ్మి కూడా పప్పుజాతి చెట్టే. దాని వేర్లకూ రైజోబియం బుడిపెలు వస్తాయి. రాజస్థాన్ రైతులు తమ సజ్జ చేలలో ఖేజ్రీ చెట్లను కొట్టకుండా ఉంచుకోవడానికి ఇదొక కారణం. ఆ చెట్టు కింది నేలలో సేంద్రియ పదార్థం, నత్రజని ఎక్కువగా ఉంటాయి. దాని పక్కన పైరు బాగుంటుందని వారికి తరాలుగా తెలుసు. 1959 నుంచి జోధ్‌పూర్‌లో ఉన్న కేంద్ర ఎడారి ప్రాంత పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు కూడా ఈ చెట్టును, దాని కింది నేలను పరిశీలిస్తూ వచ్చారు.

భాస్వరం కథ వేరు. అది మట్టిలో ఉన్నా సున్నంతో కలిసి గట్టిపడి ఉంటుంది. ఎడారి నేలల్లో సున్నం ఎక్కువ. కొన్ని బాక్టీరియా ఆమ్లాలు వదిలి దానిని కరిగిస్తాయి. కరిగినది కూడా మట్టిలో వేగంగా కదలదు. వేరు దానిని వెతుక్కుంటూ వెళ్లాలి. ఇక్కడ సాయపడేవి శిలీంధ్రాలు. వాటి పోగులు వేరు లోపలికి చొచ్చుకుని, మరో కొసన వేరుకు అందని దూరానికి మట్టిలో పాకుతాయి. ఒక్కో పోగు మన తల వెంట్రుక మందంలో పదో వంతో, ఇంకా తక్కువో ఉంటుంది కాబట్టి వేరు దూరలేని సందుల్లో కూడా దూరుతుంది. అక్కడి భాస్వరాన్ని, కొంత నీటిని మోసుకొచ్చి మొక్కకు ఇస్తుంది. 1885లో ఫ్రాంక్ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త ఈ వేరు-శిలీంధ్రం జతకు ‘మైకోరైజా’ అని పేరు పెట్టాడు. నేల మీది మొక్కజాతుల్లో 70-80 శాతానికి ఈ తరహా జోడీ ఉంది. సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లో కూడా దాని ఆనవాళ్లు దొరికాయి. ఖర్జూరపు వేర్లకు మూలకేశాలు ఉండవు. కాబట్టి రంజాన్‌లో మన ఇఫ్తార్ పళ్లెంలోకి వచ్చే ఖర్జూరం వెనుక ఈ పోగుల కష్టం చాలానే ఉంటుంది.

ఉప్పునీటిలో ఒక తోడు

గల్ఫ్ దేశాల్లో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. సౌదీ ప్రభుత్వం 1000 కోట్ల చెట్లు నాటాలన్న లక్ష్యాన్ని 2021లో ప్రకటించింది. అన్ని చెట్లకు మంచినీరు తెచ్చి పోయడం సామాన్యమైన విషయం కాదు. అందుకే ఎడారి మొక్కలు ఉప్పును ఎలా తట్టుకుంటున్నాయో తెలుసుకోవడం అక్కడివారికి చాలా అవసరం.

జిద్దాకు ఉత్తరాన, ఎర్ర సముద్రం ఒడ్డున తువల్‌లో కింగ్ అబ్దుల్లా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఎడారి మొక్కల వేర్ల నుంచి సూక్ష్మజీవులను సేకరిస్తున్నారు. సౌదీ నైరుతి మూలన ఉన్న జీజాన్ ప్రాంతంలో, నీలిమందు జాతికి చెందిన ఒక చిన్న ఎడారి మొక్క వేరు బుడిపెల్లో వారికి ఒక బాక్టీరియా దొరికింది. దానికి ఎస్‌ఏ187 అని గుర్తు పెట్టారు. దానిని లూసర్న్ గడ్డికి పట్టించి పొలంలో వేసి చూస్తే గడ్డి దిగుబడి పెరిగింది. ఆ ఫలితాలు 2018లో ప్రచురితమయ్యాయి.

అది ఎలా పనిచేస్తుందో కూడా వారు తేల్చారు. ఆ బాక్టీరియా ఒక పదార్థాన్ని తయారుచేస్తుంది. మొక్క లోపల అది ఇథిలీన్‌గా మారుతుంది. కాయలను మాగబెట్టే ఇథిలీనే ఇది. మొక్కల్లో అది హెచ్చరిక గంటలా కూడా పనిచేస్తుంది. ఆ గంట మోగడంతో మొక్క ఉప్పును తట్టుకునే ఏర్పాట్లు చేసుకుంటుంది. ఇథిలీన్ సంకేతాన్ని గుర్తించలేని మొక్కలకు ఈ బాక్టీరియాను పట్టిస్తే లాభం కనిపించలేదు. ఎడారిలోని ఒక అనామక మొక్క వేరులో ఉన్నది ఆహారపు పంటలకు కూడా రేపు పనికి రావచ్చు.

అందరూ మిత్రులే కారు

మట్టిలో ఉన్నవన్నీ మేలు చేసేవే అనుకుంటే పొరపాటు. మొరాకోలో ఖర్జూర తోటలను ‘బయూద్’ అనే తెగులు తుడిచిపెట్టింది. ఆకులు తెల్లబారి చెట్టు చనిపోతుంది. తెలుపుకు అరబీలో ‘అబ్యద్’ అంటారు, ఆ పేరు దాని నుంచి వచ్చిందే. దానికి కారణం మట్టిలో ఉండి వేర్ల గుండా లోపలికి చేరే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం. 19వ శతాబ్దం చివర మొదలై సుమారు వందేళ్లలో అక్కడ కోటికి పైగా చెట్లను అది బలి తీసుకుంది. తెగులు సోకిన తోటల నుంచి తెచ్చిన పిలకలతోనూ, మట్టితోనూ అది కొత్త తోటలకు పాకింది.

దీని నుంచి మనం తీసుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. ఎక్కడపడితే అక్కడి మట్టి తెచ్చి వేయకూడదు. ఆరోగ్యంగా ఉన్న వేరు పరిసరంలో మేలు చేసే జీవులు చోటంతా ఆక్రమించి ఉంటాయి కాబట్టి చెడ్డవాటికి చోటు, తిండి అంత తేలికగా దొరకవు. ఖాళీ మట్టిలో ఆ కాపలా ఉండదు.

వేరు ఇచ్చే వాటా

ఇంత సాయానికి మొక్క ఎంత ఇస్తోంది? ఒక్క మైకోరైజా శిలీంధ్రాలకే మొక్క తాను తయారుచేసుకున్న ఆహారంలో 4 నుంచి 20 శాతం దాకా ఇస్తుందని అంచనాలు ఉన్నాయి. ఆకు ఆకు లెక్కపెట్టుకుని బతకాల్సిన ఎడారిలో ఇది చిన్న వాటా కాదు.

మనం జకాత్‌గా ఇచ్చేది నలభైలో ఒక వంతు. పోలిక ఎవరికైనా తడుతుంది. కానీ తేడా కూడా చెప్పుకోవాలి. వేరు ఇచ్చేది ఇచ్చిపుచ్చుకునే బేరం. భాస్వరం అందించని శిలీంధ్రానికి మొక్క చక్కెర తగ్గించేస్తుంది. జకాత్ తీసుకునేవారి నుంచి మనం ఏమీ ఆశించం, అది వారి హక్కు. అయినా ఒక సంగతి మాత్రం రెండుచోట్లా ఒకటే. తన ఇంటి గోడ దాటి ఏమీ పోనివ్వని వేరు ఎడారిలో ఎక్కువ కాలం నిలవదు.

మన చేతిలో ఉన్న పని

మనవి ఎడారులు కావు. కానీ అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. పట్టణాల్లో మనం మొక్కలు నాటే చోట్లు చాలావరకు ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, మొరం పోసి చదును చేసిన నేలలు. ఎడారి ఇసుకలా వాటిలోనూ జీవం తక్కువే. నర్సరీ సంచిలో పెరిగిన మొక్కను తెచ్చి అందులో పెడితే దానికి తోడు ఎవరూ ఉండరు. పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, మట్టి. గుంత తవ్విన మొరాన్నే తిరిగి పోయకుండా మంచి మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. అదే జాతికి చెందిన, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చెట్టు కింద నుంచి రెండు దోసిళ్ల మట్టి తెచ్చి వేరు దగ్గర వేస్తే ఆ చెట్టు పొరుగువారిని పిల్ల మొక్కకు ఇచ్చినట్టే. తెగులున్న చెట్టు కింది మట్టిని మాత్రం ముట్టుకోకూడదు.

రెండోది, కప్పు. మొదలు చుట్టూ ఎండుటాకులు, గడ్డి పరచాలి. తడి ఆరదు, సూక్ష్మజీవులకు తిండి దొరుకుతుంది. మస్జిద్ ఆవరణ ఊడ్చిన ఆకులను మూలన పోసి కాల్చే అలవాటు మానుకుంటే ఆ ఆకులే ఎరువవుతాయి.

మూడోది, మందు ఎరువుల విషయంలో నిదానం. యూరియా ఎక్కువైతే వేరు బుడిపెలు కట్టదు. భాస్వరం ఎరువు ఎక్కువైతే శిలీంధ్రంతో జత కట్టదు. ఉచితంగా చేతికందుతుంటే మొక్క ఎవరితోనూ పొత్తు పెట్టుకోదు.

నాలుగోది, నీరు. రోజూ చెంబెడు పోస్తే వేర్లు పైపైనే తిరుగుతాయి. కొన్ని రోజులకు ఒకసారి నిండుగా పోస్తే తడి వెంట లోతుకు వెళతాయి. నాటడం తొలకరిలోనే చేయాలి.

అయిదోది, మొక్క ఎంపిక. జమ్మి, కానుగలకు నత్రజని బుడిపెలు వస్తాయి. వేప, రేగు చెట్లకు శిలీంధ్రాల తోడు ఉంటుంది. మయ్యిత్‌కు ఘుస్ల్ చేయించే నీటిలో రేగాకు వేస్తాం కాబట్టి ఖబరస్తాన్‌లో ఒక రేగు చెట్టు ఉండటం ఎంతైనా మంచిది. పెరుగుతోంది కదా అని సర్కారు తుమ్మను మాత్రం పెంచవద్దు. అది కూడా జమ్మి బంధువే. ఎక్కడైనా బతుకుతుంది, పక్కన మరొకదాన్ని బతకనివ్వదు.

రైజోబియం కల్చర్ ప్యాకెట్లు బజారులో దొరుకుతాయి. వేరుశనగకు ఇచ్చేది కందికి పనిచేయకపోవచ్చు. కాబట్టి ఏ పంటకో, గడువు తేదీ ఏమిటో చూసి కొనాలి. అందులో ఉన్నవి ప్రాణులు. ఎండలో పెట్టిన ప్యాకెట్ కొనడం డబ్బు దండగే.

చందాల పుస్తకంలో మనం మొక్కకు ఇంత, గుంతకు ఇంత, కంచెకు ఇంత అని రాసుకుంటాం. దాని కింద ‘మట్టికి’ అని ఒకటి, ‘మూడేళ్ల సంరక్షణకు’ అని ఒకటి, రెండు పద్దులు చేర్చాలని మన దాతలను, కమిటీ పెద్దలను కోరుతున్నాను. ఆ సొమ్ముకు నాటే మొక్కల సంఖ్య కొంత తగ్గుతుంది. వందకు బదులు అరవై నాటవచ్చు. మూడో వేసవిలో నమాజుకు వచ్చినవారు వాటి నీడన చెప్పులు విడిచి లోపలికి వెళ్లగలిగితే మనం ఇచ్చినది నిలిచినట్టే. అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక.